షైలజ ఎవరి లెక్క

"నువ్వు కట్టే పన్నే ల్యాదు గదమ్మా. మీ యన్నకు నాలుగు రూపాయలు మిగిల్తే నీకు యాల కడుపుమంట?"

2004 ఫిబ్రవరిలో పుంగనూరు బజారు వీధిలో, మిద్దె మీది గదిలో కూర్చుని శంకరప్ప ఈ మాట అడిగాడు. ఆయన చదివింది బీకాం. ఊళ్లో టీచర్లందరి ఆదాయపు పన్ను లెక్కలూ ఆయనే రాస్తాడు కనుక అందరూ ఆడిటరనే పిలుస్తారు. ఎదురుగా కూర్చున్నది దెబోరా, మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ పూట సెలవు పెట్టి, బస్సెక్కి, ఎండలో నడిచి వచ్చింది.

"మంట నాది. ఆర్పమని నీకాడికి రాలేదులే" అంది ఆమె. "మాయన్న కాగితంలో షైలజ పేరు రాసినావా, ల్యాదా? అది సెప్పు."

"ఇంగా రాయలేదు. సర్టిఫికెట్టు నీకాడ ఉండాదంట గదా."

"నా బీరువాలోనే ఉండాది. ఆణ్ణే ఉంటాది" అని దెబోరా లేచి మెట్లు దిగింది.

గొడవ చిన్నది. షైలజ వీళ్లిద్దరికీ చెల్లెలు, పోలియో మనిషి. వైకల్యం ఉన్న తోబుట్టువును పోషిస్తున్న ఉద్యోగికి ఆదాయపు పన్నులో యాభై వేల రూపాయల మినహాయింపు ఉంది. అన్న రాజరత్నం పుంగనూరు హైస్కూల్లో టీచరు. ఆ మినహాయింపు రాసుకుంటే ఆయనకు ఏటా పది వేల దాకా పన్ను తగ్గుతుంది. దెబోరా జీతం నెలకు ఐదు వేలు కూడా లేదు. పన్ను గడప దరిదాపుల్లో కూడా ఆమె లేదు. యాభై వేలు కాదు, యాభై లక్షలు రాసుకున్నా ఆమెకు ఒక్క పైసా రాదు. అయినా ఆమె ఆ పేరు అన్నకు వదలనంది. శంకరప్పకు అర్థం కానిది ఇదే. దెబోరాను ఎరిగినవాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు.

*

దెబోరా 1959లో వాయల్పాడు దగ్గర పుట్టింది. తండ్రి మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో అయ్యవారు. రాజరత్నం పెద్దవాడు, తరువాత దెబోరా, ఆమె తరువాత చాలా ఏళ్లకు షైలజ. షైలజకు రెండో ఏట జ్వరం వచ్చి కుడి కాలు పడిపోయింది. ఎడమ కాలు కూడా అంతంత మాత్రమే. తల్లి పోయాక 1988లో షైలజ మదనపల్లెకు, అక్క ఉండే ఆసుపత్రి క్వార్టర్స్‌కు వచ్చింది. వెంట తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె, కాలికి కట్టుకునే ఇనప కాలిపరు, క్రోషియా సూదులు. కాలిపరు బరువు ఎంతంటే, దాన్ని తగిలించుకుని పంచ దాకా నడిస్తే చాలు, మొహమంతా చెమట పట్టేది.

షైలజ కోసమే దెబోరా పెళ్లి మానుకుందని వాళ్ల చర్చి సంఘంలో ఒక కథ ఉంది. స్త్రీల సమాజం కూటాల్లో ఆ కథ చెప్పి కళ్లు ఒత్తుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంతా కల్పన. దెబోరాకు రెండు సంబంధాలు వచ్చాయి. మొదటి పెళ్లికొడుకు గారపళ్లు ఆమెకు నచ్చలేదు. రెండో పెళ్లికొడుకు తల్లి, కాఫీ తాగేలోపే, ఈ పిల్ల జీతం ఎవరి చేతికి వస్తుందని అడిగింది. దెబోరా లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. అప్పటికి షైలజ ఇంకా వాయల్పాడులో తల్లి దగ్గరే ఉంది. త్యాగం చేయడానికి అవకాశమే లేదు.

ఆమెలో నిజంగా ఉన్నది అసూయ. ఈ మాట అంటే సంఘంవాళ్లు నొచ్చుకుంటారు కానీ, ఆమెను చూడకుండా పొగిడే కన్నా చూసి అనడం మేలు. వార్డులో తన వైపు మంచాల్లో పడుకున్న రోగి పొరపాటున పక్క నర్సును మంచినీళ్లు అడిగితే ఆ పూటంతా ఆ మనిషితో మాట్లాడేది కాదు. సూది మాత్రం వేళకు పొడిచేది. తన పండగ చీరలాంటి చీరే ఇంకో సిస్టరమ్మ కొనుక్కుంటే తనది పనిమనిషికి ఇచ్చేసింది. ఇక షైలజ విషయంలో చెప్పనే అక్కర్లేదు. షైలజకు తల దువ్వడం, ఆదివారం చర్చికి చీర కట్టడం, కాలిపరు పట్టీలు బిగించడం అన్నీ ఆమె చేతుల మీదుగానే జరగాలి. పక్కింటి పిల్ల ఉత్సాహంగా ఒక రోజు పట్టీలు బిగిస్తే, ఆ పిల్ల వెళ్లాక అన్నీ విప్పి మళ్లీ బిగించింది.

తొంభైలలో రాజరత్నం కుప్పంలో పనిచేసేవాడు. పెళ్లి కూడా అక్కడే. భార్య జ్ఞానసుందరి, రైల్వేలో పనిచేసిన కుప్పుస్వామి కూతురు. అరవం కలిసిన తెలుగు, పెద్ద నవ్వు. ఎండాకాలం సెలవుల్లో రాజరత్నం వచ్చి షైలజను కుప్పం తీసుకుపోయేవాడు. దెబోరా బస్సు దాకా వచ్చి, ఆ నెలంతా ఖాళీ మంచం చూస్తూ గడిపేది. 1997లో ఆగలేక, చెప్పకుండా, ఒక సంచి నిండా మామిడికాయలతో కుప్పం బయల్దేరింది. చేరేసరికి సాయంత్రం. ఇంటి ముందు అరుగు మీద షైలజ కూర్చుని ఉంది. రెండు జడలు, జడలకు ఎర్ర రిబ్బన్లు. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషికి రిబ్బన్లు! పక్కన జ్ఞానసుందరి. ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.

షైలజ తలెత్తి చూసి, "యాలక్కా వచ్చినావు? ఇంగా పది దినాలుండాది గదా?" అంది.

అందులో తప్పేమీ లేదు. అడగవలసిన మాటే అడిగింది. దెబోరా సంచి దించి, రాత్రి భోజనం చేసి, తెల్లవారగానే తిరుగు బస్సెక్కింది. ఆ మాట మాత్రం ఆమె లోపల ఏడేళ్లు పులిసింది.

2002లో రాజరత్నానికి పుంగనూరు బదిలీ అయింది. మదనపల్లె నుంచి బస్సులో ఎంతో దూరం లేదు. అంతవరకూ ఏడాదికొకసారి వచ్చిపడే కష్టం ఇప్పుడు వారంవారం వచ్చింది. శుక్రవారం అన్న స్కూటరు తెచ్చి షైలజను ఎక్కించుకుపోతాడు, సోమవారం దింపుతాడు. ఒక్కోసారి సోమవారం బుధవారమవుతుంది. ఆయన కొత్తగా ఇల్లు కట్టాడు. గుమ్మానికి మెట్లకు బదులు సిమెంటు వాలు పోయించాడు, షైలజ కోసం. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. దెబోరా కూడా ఇల్లు చూడడానికి పోయి, ఆ వాలు మీద చెప్పు జారినట్లు నటించి, "వానొస్తే మనిషి మిగల్దు ఈడ" అంది.

షైలజ తిరిగొచ్చిన రోజు ఆమె ఒంటి నుంచి వేరే సబ్బు వాసన వేసేది. దెబోరా నీళ్లు కాచి మళ్లీ స్నానం చేయించేది.

"పొద్దున్నే పోసుకున్నా గదక్కా, వదిన పోసింది" అనేది షైలజ.

"ఆ పోసేది సూస్తేనే తెలస్తాండాది. సెవుల ఎనకాల మట్టి అట్లనే ఉండాది" అనేది దెబోరా. చెవుల వెనకాల మట్టేమీ ఉండేది కాదు.

*

ఫిబ్రవరి నెలలో బడి స్టాఫ్‌రూములో పాఠాల మాట ఉండదు. ఎవరు ఎంత జీవిత బీమా కట్టారు, ఎవరు ఏ పొదుపు పత్రాలు కొన్నారు, ఎవరికి ఎంత కోత పడుతుంది, ఇదే మాట. ఇరవయ్యో తేదీ లోపల ప్రతి టీచరూ తన పన్ను లెక్క హెడ్మాస్టరుకు ఇవ్వాలి. లేకపోతే ఫిబ్రవరి జీతంలో పన్నంతా కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. 2004లో ఈ లెక్కలు వేస్తూ శంకరప్పే రాజరత్నానికి మినహాయింపు సంగతి చెప్పాడు. కావలసింది ఒక్కటే, ప్రభుత్వ వైద్యులిచ్చిన వైకల్య సర్టిఫికెట్టు. అది దెబోరా దగ్గర ఉంది. బస్సు పాసు కోసం 1996లో షైలజను చిత్తూరు తీసుకుపోయి, పెద్దాసుపత్రి వరండాలో ఒక రోజంతా కూర్చుని తెచ్చింది ఆమే.

రాజరత్నం ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్స్‌కు వచ్చాడు. జ్ఞానసుందరి కూడా వచ్చింది. విషయం చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు, లెక్క కూడా దాచలేదు.

"పది వేలు మిగుల్తాయి దెబోరా. ఆ దుడ్డు నేను తినను. బెంగుళూర్లో ప్లాస్టిక్ కాలిపర్లు సేస్తాండారంట. మా మామకు తెలిసినోళ్లుండారు. ఎనిమిది వేలు. అంత తేలిగ్గా ఉంటాదంట, సెప్పు ఏసుకున్నెట్లు."

షైలజ చేతిలో అల్లిక ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆ ఇనుము మోస్తున్న మనిషి. "నిజమా అన్నా?" అంది.

దెబోరా ఆ గొంతు విన్నది. ఆ ఆశ తన వల్ల పుట్టలేదు, దానికి తాను కారణం కాదు. ఇంక ఆమెకు వేరే ఏదీ వినిపించలేదు.

"షైలజ నీ మీద ఆధారపడి ఉండాదని రాస్తావా?" అని అడిగింది.

"అట్ల రాస్తేనే ఇస్తారు."

"నీ మీదనా?"

"కాగితానికి దెబోరా. ఊరికే."

"ఊరికే అయితే నా పేరు రాయి."

"నీకు పన్నే ల్యాదు గదే!"

"పన్ను లేకపోతే? సాకింది ల్యాదా? పదారేండ్లు ఎవురు నీళ్లు పోసిరి, ఎవురు పట్టీలు బిగిచ్చిరి? నువ్వు ఎండాకాలం సుట్టం మాదిరి వచ్చి పిల్సుకపోతివి."

రాజరత్నానికి కూడా కోపం వచ్చింది. "నెలనెలా మనియార్డరు ఎవురు పంపిచ్చినారు? కుప్పం నుంచి, ఒగ నెల తప్పకుండా? బియ్యం మూట ఎవురేస్తాండారు?"

"మూట నువ్వు ఎయ్యి. వండేది నేను."

"సెరి, ఇబ్బుడు ఎవరు వండలేదు అన్నారు?" అంది జ్ఞానసుందరి మెల్లగా. "కాగితం ఇస్తే పాపకి కాలిపరు వస్తుందమ్మా. అంతే కదా."

"నువ్వు ఉండు సుందరీ. నీది కుప్పం, నీకేం తెల్సు?" అంది దెబోరా.

అప్పుడు షైలజ సూది ఒళ్లో పెట్టింది. "నన్ను ఎవురన్నా అడుగుతారా? నా కాలు మీ ఇద్దురి మద్దెలో ఎట్ల వచ్చిపడెనో నాకు తెలీదు. ఎవురన్నా రాసుకోండి. ఏమన్నా సేసుకోండి. నాకు ఆ తేలిక కాలిపరు గావాల."

"నేను కొనిస్తా" అంది దెబోరా.

"దేంతో?"

దెబోరా లేచి బీరువాకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

న్యాయం అడిగితే దెబోరా మాట తప్పు కాదు. చట్టం కూడా అదే అడుగుతుంది, ఆ మనిషి ముఖ్యంగా ఎవరి పోషణలో ఉందని. చట్టానికి స్నానాలూ జడలూ తెలియవు, ఖర్చు తెలుసు. ఖర్చు చూసినా, షైలజ ఏడాదిలో ఎక్కువ భాగం తిన్నది దెబోరా జీతమే. అన్న మనియార్డరు పాలకూ కూరగాయలకూ సరిపోయేది. కాబట్టి రాసుకోవలసిన పేరు దెబోరాదే. కానీ ఆమె అడిగింది న్యాయం కోసం కాదు. అన్న రాసుకోకూడదు, అంతే. తనకు పైసా రాకపోయినా సరే, చెల్లెలు ఇంకో ఏడాది ఇనుము ఈడ్చినా సరే. ఆడవాళ్ల ఓర్పు గురించి పాటలు పాడేవాళ్లు ఈ రెండో భాగాన్ని కూడా ఒకసారి పాడి చూడాలి.

అన్న మొండివాడు, సర్టిఫికెట్టు లేకుండానే శంకరప్ప చేత రాయించేస్తాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. బుధవారం పుంగనూరు పోయి ఆ మిద్దె మెట్లెక్కింది అందుకే. ఇంకా రాయలేదని తెలిశాక కొంచెం నెమ్మదించింది. ఇరవయ్యో తేదీ దాటితే ఆ ఏటికి గండం గడిచినట్టే అనుకుంది.

ఇరవయ్యో తేదీకి ముందు ఆదివారం కోత పండుగ.

*

మదనపల్లె సంఘంలో కోత పండుగ అంటే ఆరాధన గంటన్నర, వేలం మూడు గంటలు. సభ్యులు తమ పొలంలో, పెరట్లో పండినదీ ఇంట్లో చేసినదీ తెచ్చి కానుకగా పెడతారు. టమోటా బుట్టలు, శనక్కాయల మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, కేకులు, ఊరగాయ జాడీలు. చర్చి ముందు షామియానా వేసి అన్నీ వేలం పాడతారు. వచ్చిన సొమ్ము సంఘానిది. అక్కడ ఎవరూ సరుకు ధరకు పాడరు. పది రూపాయల గుమ్మడికాయ ఐదు వందలకు పోతుంది. పాడిన మనిషి పేరు మైకులో వినిపిస్తుంది, దాని ఖరీదే మిగతా నాలుగు వందల తొంభై. దేవుడి పేరున జరిగే ఈ పోటీని భక్తి అనడం అలవాటు. చేతిలో సొమ్ము లేకపోతే తరువాత విడతలుగా కట్టుకోవచ్చు.

ఇంకో ఆచారం ఉంది. బాగా కలిగినవాళ్లు, డాక్టర్లు, ఆఫీసర్లు, పాట గెలిచాక ఆ వస్తువును ఇంటికి తీసుకుపోరు. మళ్లీ బల్ల మీద పెట్టి, "ఇంకోసారి పాడుకోండి" అంటారు. సొమ్ము ఎలాగూ కడతారు. అందరూ చప్పట్లు కొడతారు. అలా తిరిగి ఇచ్చిన మనిషి రెండోసారి ఆ వస్తువుకు పాడకూడదు, అది మర్యాద. చిన్నప్పటి నుంచీ రాజరత్నం ఆ దృశ్యం చూస్తూ పెరిగాడు. అయ్యవారి కొడుక్కి ఎప్పుడూ అంత చేతిలో లేదు.

ఆ ఏడు షైలజ ఒక టేబుల్ గుడ్డ పెట్టింది. తెల్ల దారంతో క్రోషియా అల్లిక, అంచుల్లో ద్రాక్షగుత్తులు. వేలం పాడించేది కృపానందం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, మైకు అక్కర్లేని గొంతు.

"షైలజమ్మ సేతి పని! సూడండప్పా, సందులో గాలి కూడా దూరదు. ఇన్నూరు! ఇన్నూరు ఒకటోసారి!"

ముందు నలుగురైదుగురు పాడారు. తొమ్మిది వందల దగ్గర అందరూ తప్పుకుని ఇద్దరే మిగిలారు. మగవాళ్ల వైపు చాప మీద రాజరత్నం, ఆడవాళ్ల వైపు దెబోరా. పన్ను గొడవ అప్పటికి సంఘమంతా తెలుసు. వెనకనుంచి గుసగుసలు, నవ్వులు మొదలయ్యాయి. పదిహేను వందలు దాటగానే కృపానందం ఆగలేకపోయాడు.

"ఇది గుడ్డ పాట కాదప్పోయ్! గుడ్డ ఎవురింటికి పోతే షైలజమ్మ ఆళ్ల లెక్క!"

షామియానా కింద అందరూ నవ్వారు. కుర్చీలో కూర్చున్న షైలజ కూడా నవ్వింది. రాజరత్నం లేచి నిలబడ్డాడు. దెబోరా జీతమెంతో ఆయనకు తెలుసు.

"అట్లనే కానీ" అన్నాడు. "పాస్టరయ్యగారి ముందర సెప్తాండా. గుడ్డ ఎవురింటికి పోతే పాప ఆ ఇంటి లెక్క. నువ్వేమంటావు దెబోరా?"

"సరే" అంది ఆమె.

పాట మూడు వేలకు వచ్చింది. రాజరత్నం మూడు వేల నూరు అన్నాడు. దెబోరా తన జీతం లెక్క వేసుకుని తల దించుకుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కృపానందం గుడ్డ మడత పెట్టి రాజరత్నం భుజం మీద వేశాడు. చప్పట్లు. పాస్టరుగారు కూడా కొట్టారు.

అంతటితో కూర్చుని ఉంటే సర్టిఫికెట్టు మర్నాడు ఆయన చేతిలో ఉండేది. కానీ భుజం మీద గుడ్డ, చుట్టూ చప్పట్లు, ముందు వరసలో డాక్టర్లు. జీవితంలో మొదటిసారి ఆ వరసలో కూర్చోదగ్గవాడినయ్యానని ఆయనకు అనిపించింది. నాలుగడుగులు ముందుకు వేసి గుడ్డను బల్ల మీద పెట్టాడు.

"దేవునికే ఇస్తాండా. మళ్లా పాడుకోండి."

ఇంకా పెద్ద చప్పట్లు. వాటిని చీల్చుకుని ఆడవాళ్ల వైపు నుంచి జ్ఞానసుందరి అరుపు: "ఐయ్యో, ఏమండీ!"

ఆయనకు అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి చూసేసరికి కృపానందం మొదలుపెట్టేశాడు. "రాజరత్నం సారు మళ్లా ఇచ్చినారు! ఇన్నూరు!"

"వెయ్యి" అంది దెబోరా.

రాజరత్నం పాడడానికి లేదు. జ్ఞానసుందరి లేచింది. "నేను పాడొచ్చా?"

కృపానందం పాస్టరు వైపు చూశాడు. పాస్టరు గడియారం వైపు చూశాడు. "ఇచ్చింది సారు, అమ్మ కాదు గదా. పాడమ్మా పాడు" అన్నాడు కృపానందం. ఇలాంటి వేలం ఆయన మళ్లీ చూడబోడని ఆయనకే తెలుసు.

"రెండు వేలు."

"మూడు" అంది దెబోరా.

"నాలుగు."

"ఐదు." అది ఆమె జీతం కన్నా ఎక్కువ.

"ఏమ్మే, మతి పోయిందా?" అని పక్కన కూర్చున్న వార్డు ఆయా కొంగు లాగింది. దెబోరా కొంగు విడిపించుకుంది.

"ఆరు" అంది జ్ఞానసుందరి. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంటూ ఉంది. భర్త పాడిన మూడు వేల నూరు ఎలాగూ కట్టాలి. పన్నులో మిగిలేది పది వేలు. అంటే ఆరు వేల తొమ్మిది వందల దాకా పోవచ్చు.

"ఆరు వేల ఐదునూర్లు."

"ఆరు వేల తొమ్మిదినూర్లు" అని జ్ఞానసుందరి కూర్చుంది. అదే ఆమె చివరి మాటని అందరికీ అర్థమయింది.

"ఏడు వేలు" అంది దెబోరా.

జ్ఞానసుందరికి ఎక్కడ ఆగాలో తెలుసు, దక్కేది ఎంతో తెలుసు కనుక. దెబోరాకు దక్కేది ఏమీ లేదు. పైగా మొదటి పాటలో జీతం లెక్క చూసుకుని ఆగి, షైలజ చెయ్యి జారడం చూసింది. అందుకే ఈసారి ఆమెకు ఆగవలసిన చోటంటూ లేకపోయింది. ఆ మినహాయింపు ఒక్క ఏటితో పోదని, ఏటా వస్తుందని, ఇంకా పాడి ఉండవచ్చని జ్ఞానసుందరికి ఇంటికి పోయి కాఫీ కలిపేటప్పుడు తట్టిందట. కాఫీ పొంగిపోయింది.

మూడోసారి అనగానే దెబోరా పోయి గుడ్డ తీసుకుంది. మళ్లీ ఇవ్వలేదు. ఆమె మొహంలో భక్తి లేదు, సంతోషం కూడా అంతగా లేదు. దొంగ చేతిలోంచి తన సంచి లాక్కున్న మనిషిలా ఉంది. షైలజ అక్క దగ్గరికి కుర్చీ జరిపించుకుని, "ఏడు వేలా అక్కా! నాకు నూరు రూపాయలిచ్చి ఉంటే ఇంగోటి అల్లి ఇచ్చేదాన్ని గదా" అంది.

మర్నాడు రాజరత్నం శంకరప్ప దగ్గరికి పోయాడు. శంకరప్ప విని చాలాసేపు నవ్వాడు.

"సార్, వేలం పాటలు చట్టంలో లేవు. ఆ సర్టిఫికెట్టు నకలు చిత్తూర్లో తెచ్చుకుందాం. నేను రాసేస్తా, మీరు సంతకం పెట్టండి."

"వద్దులేప్పా."

"దేవునికి బయపడతాండారా?"

"దేవునికి ఎందుకు? మా స్కూలు టీచర్లు ఇద్దురు ఆణ్ణే కూసోనుండ్రి."

ఆ ఫిబ్రవరి జీతంలో రాజరత్నానికి పన్ను పూర్తిగా కోత పడింది. జ్ఞానసుందరి ఆ నెలంతా ఆయనకు ఒక కూరే వండింది. ఆయన చెల్లెలికి ఒకటే మాట కబురు పంపాడు: "పాప నీ లెక్క గదా. కాలిపరు కూడా నీ లెక్కే."

*

దెబోరా ఏ మాటకూ వెనక్కి తగ్గలేదు. ఆసుపత్రి సిబ్బంది సొసైటీలో ఎనిమిది వేలు అప్పు తీసుకుంది. కుప్పుస్వామికి తెలిసినవాళ్ల పేరు చెబితే ధర కొంత తగ్గేది. చెప్పలేదు. మదనపల్లె నుంచి నేరుగా బెంగుళూరు బస్సెక్కి, షైలజ కాలికి కొలతలు ఇప్పించి, పదిహేను రోజులకు మళ్లీ పోయి కాలిపరు తెచ్చింది. నిజంగానే చెప్పు వేసుకున్నంత తేలిక. పట్టీలు అతుక్కునే రకం, షైలజే బిగించుకోగలదు. ఆ సంగతి దెబోరా బెంగుళూర్లో గమనించలేదు. ఇంటికి వచ్చాక మొదటి ఉదయం చెల్లెలి దగ్గర కూర్చోబోతే, "నేను ఏసుకుంటాలే అక్కా" అంది షైలజ. దెబోరా చెప్పులేసుకుని వార్డుకు పోయింది.

తరువాత ఆమె పాన్ కార్డు తీసుకుంది. జూన్‌లో మళ్లీ శంకరప్ప మెట్లెక్కి, తన పేరున రిటర్ను వేయమంది. ఆయన కళ్లజోడు తీశాడు.

"నువ్వు రిటర్ను ఎయ్యనక్కర్లేదమ్మా. నీ పన్ను సున్నా. సున్నాలో నుంచి యాభై వేలు తీసేస్తే ఎంత?"

"సున్నానే. నువ్వు రాయి."

సరళ్ అనే ఒక పేజీ ఫారం ఉండేది అప్పట్లో. ఆయన రాశాడు. ఆధారపడిన వ్యక్తి: షైలజ. సంబంధం: సోదరి. ఆఫీసులో ముద్ర వేసి ఇచ్చిన రసీదును దెబోరా బీరువాలో సర్టిఫికెట్టు పక్కన పెట్టింది. ఆ తరువాత కూడా ప్రతి ఏడూ వేసింది. ఫారం మారింది, శంకరప్ప రుసుము పెరిగింది. సున్నా మాత్రం మారలేదు.

తేలిక కాలిపరు వచ్చాక షైలజకు స్కూటరు కోసం ఎదురుచూడడం తప్పింది. ఊతకర్ర పట్టుకుని తానే నడిచి, ఆటో ఎక్కి, పాసు చూపించి పుంగనూరు బస్సు ఎక్కేస్తుంది. మునుపు వారాంతాలు పోయేది, ఇప్పుడు మంగళవారాలు కూడా పోతుంది. వదిన దగ్గర అరవం బాగా పట్టుబడింది. ఫోనులో అక్కతో మాట్లాడుతూ మధ్యలో "సెరి, సెరి" అంటుంది. దెబోరా ఫోను పెట్టేస్తుంది. టేబుల్ గుడ్డ ఇంకా మడత విప్పకుండా ఉంది. విప్పితే మాసిపోతుందట.

2007లో రాజరత్నం, ఇద్దరి మధ్య మాటలు కొంచెం కలిశాక, వేలం సొమ్ములో మిగిలింది తాను కడతానన్నాడు. దెబోరా ఒప్పుకోలేదు. నువ్వు కడితే గుడ్డలో సగం నీదవుతుంది అంది. కాలిపరు అప్పు సొసైటీలో తీరింది. దాన్ని తీర్చిన ఏళ్లలో సంఘానికి కట్టింది తక్కువ. ఒక నెల రెండు వందలు, ఒక నెల ఏమీ లేదు.

2009 మార్చి ఆఖరుకు ఏడు వేలలో రెండు వేల మూడు వందల రూపాయలు దెబోరా సంఘానికి ఇంకా బాకీ.